హిమోగ్లోబిన్ 20 దాటిన మనిషి: ఒక స్కీ ఛాంపియన్ కేసు

మా ల్యాబ్ కౌంటర్ దగ్గర రోజూ వినపడే ప్రశ్న ఒకటే, "డాక్టరుగారూ, రక్తం ఎంతుంది?" అని. తొమ్మిది అంటే మొహం వాడిపోతుంది, పదమూడు అంటే హమ్మయ్య అనుకుంటారు. ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది కాబట్టి మన బుర్రల్లో హెచ్‌బి, అంటే హిమోగ్లోబిన్ అంకె, పరీక్ష మార్కుల్లాగా స్థిరపడిపోయింది, ఎంత ఎక్కువ వస్తే అంత గొప్ప. ఎప్పుడో ఒకసారి మెషిన్ నుంచి 19 అని వస్తుంది. ఆ మనిషి సంతోషంగా రిపోర్టు మడిచి జేబులో పెట్టుకోబోతాడు, నేను కూర్చోమంటాను.

అలా కూర్చోబెట్టిన వాళ్ళకీ, పోస్టింగ్‌కి వచ్చే పీజీ పిల్లలకీ నేను చెప్పే కేసు ఒకటుంది. నా పేషెంటు కాదు, నేను ఆయన్ని చూడలేదు కూడా. ఫిన్లాండ్ ఉత్తరాన, లాప్‌లాండ్‌లో పుట్టిన క్రాస్ కంట్రీ స్కీ ఛాంపియన్ ఏరో మాంటిరాంటా. ఆయన రక్తం గురించి ఫిన్లాండ్ డాక్టర్లు ప్రచురించిందీ, ఆయన పోటీల రికార్డూ పక్కపక్కన పెట్టుకుని, మన వార్డు పద్ధతిలో కేసు షీటులా రాస్తున్నాను. జన్యువుల పేరు వినగానే "ఓహో, అదా సంగతి, పుట్టుకతోనే గెలిచేశాడన్నమాట" అని తీర్పు ఇచ్చేసే వాళ్ళు చాలామంది, అందుకని కొంచెం ఓపిగ్గా చదవండి.

పేషెంటు ఎవరు

పుట్టింది 1937 నవంబర్ 20న, పెల్లో మునిసిపాలిటీలోని లాంకోయార్వి అనే పల్లెలో. ఫిన్నిష్‌లో "యార్వి" అంటే చెరువు, సరస్సు. మన ఊరి పేర్లలో చెరువు, కుంట ఉన్నట్టే. ఇంటిపేరు కూడా అలాంటిదే, మాంటి అంటే పైన్ చెట్టు, రాంటా అంటే ఒడ్డు. పెల్లో ఆర్కిటిక్ వలయానికి కాస్త పైన ఉంటుంది, పక్కన టోర్నియో నది, నదికి అవతల స్వీడన్. చలికాలంలో చెరువులు గడ్డకట్టి మంచు కప్పేస్తే ఆ ప్రాంతంలో స్కీలు ఆట వస్తువులు కావు, మన పల్లెల్లో సైకిల్ ఎలాగో అలాగ. పిల్లలు నడక నేర్చిన కొన్నాళ్ళకే స్కీలు ఎక్కుతారు. పెద్దయ్యాక ఈయన సరిహద్దు కాపలా ఉద్యోగంలో చేరాడు.

క్రాస్ కంట్రీ స్కీయింగ్ అంటే టీవీలో చూసే కొండ మీంచి జర్రున జారే పోటీ అనుకునేరు, అది వేరు. ఇక్కడ మంచు మీద 15, 30, 50 కిలోమీటర్లు, ఎక్కుడూ దిగుడూ చదునూ అన్నీ ఉన్న దారిలో, కాళ్ళతో తోస్తూ చేతుల్లోని కర్రలతో నెట్టుకుంటూ పోవాలి. కాళ్ళూ చేతులూ నడుమూ వీపూ అన్నీ ఒకేసారి ఆక్సిజన్ అడుగుతాయి. పరుగు పందెంలో ప్రధానంగా కాళ్ళే అడుగుతాయి కదా, ఇక్కడ ఒళ్ళంతా అడుగుతుంది, అందుకే ఊపిరి, గుండె, రక్తం ఈ ఆటలో ఉన్నంత నగ్నంగా ఇంకో ఆటలో కనపడవు అంటాను నేను. ఇంకో సంగతి, ఆ రోజుల్లో విడి పోటీల్లో అందరూ ఒకేసారి బయల్దేరరు, ఒకరి తర్వాత ఒకరిని గడియారం చూసి వదులుతారు. అవతలివాడు ఎక్కడున్నాడో కనపడదు, పోరాడేది టైముతో.

రికార్డు క్లుప్తంగా. 1960 స్క్వా వ్యాలీ ఒలింపిక్స్‌లో 22 ఏళ్ళ వయసులో 4×10 కిలోమీటర్ల రిలేలో రెండో వంతు పరిగెత్తాడు, చివరి వంతులో వైకో హకులినెన్ నార్వే వాడిని సెకను కూడా లేని తేడాతో దాటాడు, ఫిన్లాండ్‌కి స్వర్ణం. 1962లో జకోపానే ప్రపంచ పోటీల్లో 30 కిలోమీటర్ల స్వర్ణం. 1964 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో 15, 30 రెండూ గెలిచాడు, రిలేలో రజతం. ఆ పోటీలు సీఫెల్డ్‌లో జరిగాయి కాబట్టి "మిస్టర్ సీఫెల్డ్" అనే పేరు స్థిరపడింది. 15 కిలోమీటర్లలో రెండో స్థానంలో ఉన్న నార్వే స్కీయర్ హరాల్డ్ గ్రోన్నింగెన్ కంటే 40 సెకన్లు ముందు, 30లో అదే గ్రోన్నింగెన్ కంటే నిమిషానికి పైగా ముందు. 1966 ఓస్లో ప్రపంచ పోటీల్లో మళ్ళీ 30 స్వర్ణం. 1968 గ్రెనోబుల్‌లో ఒక రజతం, రెండు కాంస్యాలు. 1972 సప్పోరోకీ వెళ్ళాడు, అక్కడ పతకం రాలేదు. మొత్తం ఏడు ఒలింపిక్ పతకాలు, అందులో మూడు స్వర్ణాలు.

మనకి కావలసిన ఫైండింగ్

హిమోగ్లోబిన్ డెసిలీటరుకి 20 గ్రాములు దాటేది, ఒక దశలో 23 కూడా దాటింది. మగవాళ్ళకి మామూలుగా 13 నుంచి 17 మధ్య ఉంటుంది. చర్మం, ముఖ్యంగా ముఖం, ఎర్రగా కందినట్టు ఉండేది. మిగతా ఫిర్యాదులేమీ లేవు, తలనొప్పి అని గానీ కళ్ళు తిరుగుతున్నాయని గానీ మంచం ఎక్కిన మనిషి కాదు, మంచు మీద 50 కిలోమీటర్లు పోయే మనిషి.

ఈ అంకె మా టేబుల్ మీదకి వచ్చిందనుకోండి, మొదట అనుమానించాల్సింది మెషిన్ని. రక్తంలో కొవ్వు మరీ ఎక్కువుండి సీరం పాలలా ఉంటే హెచ్‌బి అబద్ధంగా పెరిగి కనపడుతుంది. దానికి పాత చిట్కా ఉంది, హెచ్‌బిని మూడుతో గుణిస్తే దాదాపు హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, రావాలి. 23 అయితే 69 దగ్గర్లో ఉండాలి, 45 చూపిస్తే ఎక్కడో తేడా కొడుతోందని అర్థం, మళ్ళీ శాంపిల్ తీయాలి.

మెషిన్ తప్పు లేదని తేలాక అసలు కారణాల జాబితా. మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా కనపడేవి పొగతాగడం, గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, ఊపిరితిత్తుల జబ్బులు, ఒంట్లో నీరు తగ్గడం, ఈ మధ్య కొత్తగా జిమ్ముల్లో కండల కోసం పొడిపించుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు. (ఈ చివరిది ఎవరూ తమంతట తాము చెప్పరు, నాన్నగారిని బయటికి పంపి అడగాలి.) పుట్టుకతో గుండెలో రంధ్రం, కిడ్నీలో గడ్డ, ఎత్తైన కొండ ప్రాంతంలో నివాసం, ఇవి తర్వాత. ఒంట్లో నీరు తగ్గడం వదిలేస్తే మిగతావాటిలో జరిగేది ఇంచుమించు ఒకటే, ఆక్సిజన్ తగ్గిందని కిడ్నీ అనుకోవడమో, గడ్డ తనంతట తానే వదలడమో జరిగి ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోను, మనవాళ్ళు పొట్టిగా ఈపీవో అనేది, పెరుగుతుంది, ఎముక మజ్జ ఎర్రకణాలు ఎక్కువ చేస్తుంది.

ఇవేవీ కాకపోతే పాలిసైథీమియా వేరా, అంటే మజ్జ తనే అదుపు తప్పిన జబ్బు. అందులో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా పెరుగుతాయి, ప్లీహం ఉబ్బుతుంది, వేడినీళ్ళ స్నానం చేసి రాగానే ఒళ్ళంతా దురద. సాధారణంగా పెద్ద వయసులో వస్తుంది. ఇప్పుడైతే జాక్2 అనే జన్యువులో మార్పు (మ్యుటేషన్) ఉందేమో చూసే పరీక్ష ఉంది కాబట్టి సులువుగా తేలుతుంది, అది 2005లో బయటపడింది, అంటే ఏరో కేసు చూసిన డాక్టర్ల చేతిలో అది లేదు.

ఏరోకి తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ మామూలే. ఈపీవో పెరగలేదు, ఉండాల్సిన దాని కన్నా తక్కువ వైపే ఉంది. ఇది చదవగానే పీజీ పిల్లలు తల పైకెత్తాలి. హార్మోను ఎక్కువైతే కణాలు ఎక్కువయ్యాయంటే అర్థముంది. హార్మోను తక్కువగా ఉండి కణాలు ఎక్కువ ఎందుకున్నాయి?

మోటారు, ట్యాంకు

నేను బోర్డు మీద బొమ్మ గీసేది ఇక్కడే. అపార్టుమెంటు పైన ట్యాంకు, కింద సంపు, మధ్యలో మోటారు. నీళ్ళు తగ్గాయని చూసి స్విచ్ నొక్కేది కిడ్నీ, ఆ నొక్కుడే ఈపీవో. మోటారు మజ్జలోని కణం, స్విచ్ ఆ కణం మీదున్న ఈపీవో రిసెప్టరు. స్విచ్ నొక్కగానే లోపల జాక్2 అనే ఎంజైము పని మొదలుపెడుతుంది, కణం బతికి, విభజన చెంది ఎర్రకణాలవుతుంది. అయితే నొక్కినంత మాత్రాన మోటారు రోజంతా తిరగకూడదు కదా, దానికి ఆటో కట్ ఉంటుంది. రిసెప్టరుకి కణం లోపలి వైపు ఒక తోక వేలాడుతూ ఉంటుంది, ఆ తోక చివర ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైము వచ్చి అతుక్కుని జాక్2ని ఆపేస్తుంది.

ఏరో కుటుంబంలో ఆ రిసెప్టరుని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారింది, జి ఉండాల్సిన చోట ఏ. ట్రిప్టోఫాన్ అనే అమినో ఆమ్లం రాయాల్సిన చోట "ఇక ఆపు" అనే సంకేతం పడింది, దాంతో రిసెప్టరు తోకలో చివరి 70 అమినో ఆమ్లాలు తయారవనే లేదు. ఆటో కట్ వైరు తగిలించే చోటే లేకుండా పోయింది. స్విచ్ మామూలుగానే పనిచేస్తుంది, ఒకసారి నొక్కితే మాత్రం మోటారు చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉండటం చూసి కిడ్నీ నొక్కడం తగ్గించేస్తుంది, అందుకే ఈపీవో తక్కువ, అయినా ఆ అరకొర నొక్కుళ్ళకే ట్యాంకు పొర్లుతుంది.

దీన్ని తేల్చింది ఆటగాళ్ళ శాంపిల్ పట్టే డోపింగ్ అధికారులు కాదు, చుట్టాల ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకున్న డాక్టర్లు. ఎవా యువోనెన్, ఆల్బర్ట్ డి లా షాపెల్ బృందం ఈ కుటుంబంలో 97 మందిని పరీక్షించింది. 29 మందికి హిమోగ్లోబిన్ బాగా ఎక్కువ, 68 మందికి మామూలు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, పిల్లల్లో సగం మందికి వచ్చే రకం. 1991లో కుటుంబం గురించి, మజ్జ కణాలు ఈపీవోకి ఎంత సులువుగా స్పందిస్తున్నాయో రాశారు, 1993లో జన్యు మార్పు ప్రచురించారు. ఎక్కువ ఉన్న వాళ్ళందరిలో ఆ మార్పు ఉంది, లేని వాళ్ళలో లేదు. డయాగ్నసిస్: ప్రైమరీ ఫెమిలియల్ అండ్ కంజెనిటల్ పాలిసైథీమియా, అంటే పుట్టుకతో, కుటుంబంలో వచ్చే ఎర్రకణాల పెరుగుదల.

మరి గెలిపించింది ఇదేనా

లెక్క వేద్దాం. ఒక గ్రాము హిమోగ్లోబిన్ నిండుగా ఎత్తుకుంటే దాదాపు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హెచ్‌బి 15 ఉన్నవాడి 100 మిల్లీలీటర్ల రక్తంలో 20, హెచ్‌బి 20 ఉన్నవాడిలో దాదాపు 27, హెచ్‌బి 23 అయితే దాదాపు 31. గుండె నిమిషానికి పంపే రక్తం సమానం అనుకుంటే ఇది చాలా పెద్ద తేడా, పోటీలు ఒకటీ రెండూ శాతాల్లో తేలే చోట మూడో వంతు ఎక్కువ సరుకు.

అయితే సమానం అనుకోవడంలోనే తిరకాసు ఉంది. రక్తం చిక్కబడుతుంది. పలుచటి పప్పుచారు గరిటెతో పోసినట్టు ముద్దపప్పు పోయలేం కదా, హెమటోక్రిట్ 60 దాటితే గుండె నెట్టాల్సిన శ్రమ గబగబా పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే భయం సరేసరి. ఈ కుటుంబంలో చిత్రంగా అందుకు తగ్గ ఉపద్రవాలు పెద్దగా కనపడలేదు, ఎక్కువ హెచ్‌బి ఉన్న వాళ్ళు కూడా మామూలుగానే వయసు మళ్ళి బతికారు, 1993 పేపరు శీర్షికలోనే దీన్ని "నిరపాయమైన" అన్నారు. పుట్టినప్పటి నుంచీ అదే రక్తంతో పెరిగిన ఒళ్ళు, ముప్ఫయ్యేళ్ళకి సూదితో ఎక్కించుకున్న ఒళ్ళు ఒకటి కావు.

ఇప్పుడు 29 మంది సంగతి చూడండి. ఆ మార్పు ఉన్నవాళ్ళు అంతమంది ఉన్నారు, ఒలింపిక్ విడి పోటీలో స్వర్ణం గెలిచింది ఒక్కడే. అతని మేనల్లుడు పెర్తీ టెయురాయార్వి 1976 ఇన్స్‌బ్రుక్‌లో రిలే స్వర్ణం జట్టులో ఉన్నాడు, కాబట్టి ఆ ఇంట్లో ఉన్నది రక్తం ఒక్కటే కాదు, స్కీయింగ్ కూడా ఉంది. మంచు ఉంది, ఊళ్ళో మామయ్య ఛాంపియన్, చిన్నప్పుడే కాళ్ళకి స్కీలు, ఇవన్నీ ఆ పిల్లలు అడక్కుండానే వచ్చాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాక్ష్యం మాత్రం 1968 గ్రెనోబుల్ 15 కిలోమీటర్లు. నాలుగేళ్ళ కిందట 40 సెకన్లు వెనకబడిన అదే గ్రోన్నింగెన్ ఈసారి దాదాపు రెండు సెకన్ల తేడాతో ఏరోని ఓడించాడు. జన్యువు నాలుగేళ్ళలో మారదు కదా. అదే తోక తెగిన రిసెప్టరు, అదే మనిషి, ఫలితం వేరు. మంచు, స్కీలకి రాసిన మైనం, వయసు, ఆ రోజు నిద్ర, అవతలివాడి పట్టుదల, ఏది ఎంతో విడదీసి చెప్పేవాళ్ళెవరూ లేరు. జన్యువు సాయపడిందా అంటే తప్పకుండా పడింది, పడలేదనేవాళ్ళకి శరీరధర్మ శాస్త్రం తెలియనట్టే. అదే గెలిపించిందా అంటే గ్రెనోబుల్ అడ్డం వస్తుంది.

అనుమానాల సంగతి

హెచ్‌బి అసాధారణంగా ఎక్కువని తెలిసినప్పటి నుంచీ రక్తంతో ఏదో చేశాడనే గుసగుసలు ఏరోని వెంటాడాయి. దీనికి ల్యాబ్ మనిషిగా నా వాదన చెబుతాను. ఈపీవోని ఫ్యాక్టరీలో తయారుచేసి మందుగా అమ్మడానికి అనుమతి 1980ల చివర్లో గానీ రాలేదు, 1964లో పొడిపించుకోవడానికి అసలు సరుకే లేదు. ఎవరి రక్తమో, తన రక్తమే దాచుకునో ఎక్కించుకున్నాడంటారా, ఎక్కించిన కణాలు మూడు నాలుగు నెలలకి మించి ఉండవు. ఈయన ఆట మానేసి దాదాపు ఇరవై ఏళ్ళయ్యాక కూడా అంకె అలాగే ఉంది, పోటీలకే వెళ్ళని చుట్టాల్లోనూ ఉంది.

అలాగని దేవుణ్ణి చేయొద్దు. 1972లో ఫిన్లాండ్ జాతీయ పోటీల దగ్గర చేసిన పరీక్షలో ఆయన శాంపిల్లో యాంఫెటమైన్ దొరికింది. అది ఉత్తేజపరిచే మందు, అలసట తెలియనివ్వదు, హిమోగ్లోబిన్ని పెంచదు. ఈ రెండు విషయాలనీ జనం కలిపేస్తారు: యాంఫెటమైన్‌తో దొరికాడు కాబట్టి పుట్టుకతో వచ్చిన హెచ్‌బి కూడా అబద్ధమే అంటారు కొందరు, జన్యువు సంగతి నిజమని తేలింది కాబట్టి యాంఫెటమైన్ సంగతి మర్చిపోదాం అంటారు ఇంకొందరు. కేసు షీటులో రెండూ వేర్వేరు గడుల్లో రాయాలి, అంతే.

తర్వాతి కాలంలో ఏం జరిగిందంటే, ఈపీవో మందు వచ్చాక ఏరోకి పుట్టుకతో వచ్చినదాన్ని మిగతావాళ్ళు కొనుక్కోవడం మొదలైంది. సైక్లింగ్ వాళ్ళు 1997లో హెమటోక్రిట్‌కి 50 శాతం గీత గీశారు, స్కీయింగ్‌లోనూ హిమోగ్లోబిన్‌కి పరిమితి పెట్టారు, పుట్టుకతో ఎక్కువ ఉన్నవాళ్ళు ఆధారాలు చూపించి మినహాయింపు తెచ్చుకోవాల్సి వచ్చింది. గీత ఉన్నచోట దాని కిందికి జారే ఉపాయమూ పుడుతుంది. 2001లో లాహ్టి ప్రపంచ పోటీల్లో, సొంతగడ్డ మీదే, ఆరుగురు ఫిన్లాండ్ స్కీయర్లు రక్తాన్ని పలుచన చేసే ప్లాస్మా ఎక్స్‌పాండర్ వాడి పట్టుబడ్డారు. ఏరో దేశంలోనే రక్తం అంకెని కిందికి దించడానికి సెలైన్ సీసాలు పట్టుకు తిరగాల్సి వచ్చింది. 2009 నుంచి వచ్చిన బయలాజికల్ పాస్‌పోర్టు పద్ధతి నాకు నచ్చుతుంది, మందిలో సగటుతో కాకుండా అదే ఆటగాడి పాత రిపోర్టులతో పోలుస్తుంది. ఎప్పుడూ 21 ఉండే మనిషికి 21 రావడం వార్త కాదు, 14 ఉండే మనిషికి 17 రావడం వార్త.

చికిత్స, ఫాలోఅప్

ఏమీ లేదు, నిజంగానే. ఈ రకం కేసుల్లో ఇబ్బందులుంటే అప్పుడప్పుడూ రక్తం తీస్తారు, లేకపోతే కనిపెట్టుకుని ఉంటారు. కణాలని అణిచే మందులు ఇవ్వడానికి ఇది క్యాన్సరు కాదు. ఆట మానేశాక ఏరో తన ఉత్తరాదిలోనే ఉండి రెయిన్‌డీర్లని పెంచుకున్నాడు. 2013 డిసెంబర్ 29న 76 ఏళ్ళ వయసులో పోయాడు.

ఈ కేసు చెప్పడం మొదలుపెట్టాక నా పనిలో మారింది ఒకటే. హెచ్‌బి 18 దాటిన మగవాళ్ళ రిపోర్టు మీద చివర్లో చేత్తో ఒక లైను రాస్తాను, "తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ హెచ్‌బి కూడా చూడాలి" అని. ఏదో ఒకరోజు మన దగ్గర కూడా అలాంటి కుటుంబం దొరుకుతుందని లోలోపల ఆశ. ఇంతవరకూ దొరకలేదు. ఎక్కువసార్లు జరిగేది ఇది: వారం తిరిగేసరికి కొడుకు తండ్రిని వెంటబెట్టుకుని వస్తాడు, తండ్రికి కూడా 18 చిల్లర వస్తుంది, నాకు గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, అప్పుడు ఆ పెద్దాయన చొక్కా జేబులోంచి బీడీ కట్ట తొంగిచూస్తుంది.